బ్లూ క్రాస్ సెటిల్‌మెంట్‌లో మా చిన్న క్లినిక్ క్లెయిమ్: నా అనుభవం

మా ఆయన అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పిల్లల డాక్టర్. క్లినిక్ బిల్లింగ్ నేనే చూస్తాను, కాబట్టి ఆరోగ్య బీమా కంపెనీల సమూహం బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ మీద డాక్టర్లు, ఆసుపత్రులు వేసిన కేసులో సెటిల్‌మెంట్ (రాజీ) నోటీసు నా టేబుల్ మీదికే వచ్చింది.

ఈ కేసు 2012 నుంచీ అలబామాలోని బర్మింగ్‌హామ్ ఫెడరల్ కోర్టులో, జడ్జి డేవిడ్ ప్రాక్టర్ దగ్గర ఉంది. డాక్టర్లు, ఆసుపత్రుల ఆరోపణ ఇదీ: దేశంలోని 30కి పైగా బ్లూ కంపెనీలు ఎవరి ప్రాంతం వారిదని పంచేసుకున్నాయి, ఒకరి ప్రాంతంలో ఇంకొకరు పోటీకి రారు. పోటీ లేనిచోట డాక్టర్లకు, ఆసుపత్రులకు ఇచ్చే డబ్బు విషయంలో వాళ్లు చెప్పిందే రేటు. కంపెనీలు తప్పు ఒప్పుకోకుండానే 2024 అక్టోబరులో 280 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చాయి.

రాజీలో ఉండాలా, బయటికి రావాలా అన్నది 2025 మార్చి 4లోగా తేల్చుకోవాల్సి వచ్చింది. ఎన్నో పెద్ద ఆసుపత్రులు బయటికొచ్చి సొంతంగా దావాలు వేశాయి. మాకంత స్తోమత ఎక్కడిది? ఖర్చులు పోగా మిగిలే డబ్బులో 92 శాతం ఆసుపత్రుల్లాంటి సంస్థలకు, 8 శాతమే డాక్టర్లకు అని చదివినప్పుడు మనసు చివుక్కుమంది. రేటు మీద బేరమాడే బలం అందరికంటే తక్కువ ఉన్నది ఇలాంటి చిన్న క్లినిక్‌లకే కదా! అయినా ఉండిపోయాం. నాకు డబ్బుకంటే బ్లూకార్డ్‌లో, అంటే వేరే రాష్ట్రం బ్లూ బీమా ఉన్న పేషెంట్ల బిల్లులు నడిచే పద్ధతిలో, రాబోయే మార్పులే ముఖ్యమనిపించాయి. అలాంటి పేషెంటు వస్తే క్లెయిమ్, అంటే బీమా బిల్లు, మన రాష్ట్రం బ్లూకి పంపుతాం, కవరేజీ నిర్ణయం మాత్రం అవతలి రాష్ట్రం ప్లాన్‌ది. ఆగిన క్లెయిమ్ గురించి ఎవరిని అడగాలన్నది డాక్టర్ల పాత బాధ. ఆ సమాచారం స్థానిక ప్లాన్‌కు కూడా కనిపించే వ్యవస్థ కడతామని రాజీలో రాశారు.

అసలు టెన్షన్ రికార్డులతో. లెక్కలోకి వచ్చే కాలం 2008 జూలై 24 నుంచి 2024 అక్టోబరు 4 దాకా. అందులో మొదటి కొన్నేళ్లు ఆయన ఆసుపత్రిలో జీతానికి చేశారు, బిల్లులు ఆసుపత్రి పేరుమీదే వెళ్లేవి, అవి వదిలేశాను. క్లినిక్ మొదట ఆయన పేరుమీద, తర్వాత కంపెనీ పేరుమీద నడిచింది కాబట్టి టాక్స్ ఐడీలు రెండు. మధ్యలో సాఫ్ట్‌వేర్ కూడా మారింది. పాత బిల్లింగ్ కంపెనీ నుంచి ఫైళ్లు రప్పించుకోవడానికి ఎన్నిసార్లు బతిమాలానో! మేం వేసిన బిల్లు కాకుండా ప్లాన్ ఒప్పుకున్న మొత్తాన్ని, అదే అలౌడ్ అమౌంట్‌ని, ఏడాదివారీగా ఒక ఎక్సెల్ షీట్‌లో ఎక్కించాను. పిల్లలు పడుకున్నాక కూర్చుని చేసిన పని అది. పిల్లల టీకాలకు ఒక్కో ఏడాది ఎంత ఒప్పుకున్నారో వరసగా చూస్తుంటే, ఈ కేసు ఎందుకు వేశారో ఏ లాయరూ చెప్పక్కర్లేకుండా నాకు అర్థమైంది.

రాజీ డబ్బుకు క్లెయిమ్ వేసే గడువు 2025 జూలై 29. దానికి ముందే ఆన్‌లైన్‌లో పంపేశాను. ఆగస్టులో కోర్టు తుది ఆమోదం ఇచ్చింది. కన్ఫర్మేషన్ నంబరు, ఆ షీటు, పాత ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉంచాను. క్లెయిమ్ మీద ఏదైనా ప్రశ్న వస్తే జవాబు అందులోంచే చూపించాలి.