పల్లంలో కొట్టిన మేకులు

గోడలకు రంగులు వేయడానికి వెళ్తున్నామనే అనుకున్నాను. టెక్సాస్‌లో మేం వెళ్లే చర్చి నుంచి పదకొండు మందిమి, 2024 జూలైలో రెండు వారాలు. ఆఫ్రికాలోని మలావీ దేశపు దక్షిణాన, ములాంజే కొండ కింద తేయాకు తోటల మధ్య ఒక మిషన్ ఆసుపత్రి. జట్టులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. దివిసీమలో పుట్టి, ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి. సుత్తితో నా పరిచయమంతా చిన్నప్పుడు పాక కప్పు మీదున్న నాన్నకు కింద నుంచి మేకులు అందించడమే.

కాగితాల పని పెద్ద కష్టం కాలేదు. ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా ప్రయాణం కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాం. వేసిన పది రోజులకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. మలేరియా మాత్రలు బయలుదేరే ముందురోజు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక కూడా వారం పాటు మింగాలి. తేలనిదల్లా డబ్బు లెక్కే. మేం పంపిన విరాళం మలావీ కరెన్సీ క్వాచాలుగా మారి అక్కడి బ్యాంకులో ఉండగా, 2023 నవంబరులో ఆ దేశపు రిజర్వ్ బ్యాంకు డాలరు ధర 44 శాతం పెరిగేలా క్వాచా విలువను ఒక్కసారిగా తగ్గించింది. దిగుమతి సరుకు ధరలన్నీ పైకి లేచాయి. బయలుదేరే ముందు మళ్లీ చందాలు ఎత్తాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో మరమ్మతులు చూసే పెద్దాయన మా రంగుల డబ్బాలను చూసి నవ్వి, "ముందు పైకి చూడండి" అన్నారు. దూరపు ఊళ్ల గర్భిణులు నెలలు నిండకముందే వచ్చి కాన్పు దాకా ఉండే వసతి గృహం అది. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను దాని కప్పు లేపేసింది. ఆ ఏడాదే మాలాంటి మరో జట్టు వచ్చి కొత్త రేకులు వేసి వెళ్లింది. అయినా వాన పడితే లోపల కారుతూనే ఉంది.

ఎందుకు కారుతోందో ఆసుపత్రి వడ్రంగి మేస్త్రి చూపించాడు. అరవై దాటిన మనిషి, చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కాడు. వేలు పెట్టి ఒక్కో మేకునూ తాకుతూ, "ఇది పల్లంలో ఉంది. ఇదీ పల్లంలోనే" అంటూ పోయాడు. రేకుకు మిట్టలూ పల్లాలూ ఉంటాయి కదా, నీళ్లు పారేది పల్లంలోనే. మేకు మిట్ట మీద కొట్టాలి, దాని తల కింద రబ్బరు వాషరు ఉండాలి. మా ముందువాళ్లు సగానికి పైగా పల్లంలో దిగగొట్టి వెళ్లారు. రేకులు విప్పితే కింద వాసాలు చెదలు పట్టి పిండిలా రాలాయి.

సామాను కోసం బ్లాంటైర్ పక్కనున్న లింబేకు వెళ్లాం. దుకాణం ఓ గుజరాతీ ఆయనది. నన్ను చూసి హిందీలోకి మారి, ముప్పై రెండు గేజీ రేకు చవకగా ఇస్తానన్నాడు. మేస్త్రి నా మోచేయి నొక్కాడు. గేజీ అంకె పెరిగితే రేకు పలచన. ఇరవై ఎనిమిదే తీసుకున్నాం.

జూలై అంటే అక్కడ వానలు లేని కాలం కదా అని ధైర్యంగా కప్పు విప్పేశాం. మూడో రోజు చిపెరోనీ దిగింది. మొజాంబిక్ వైపు నుంచి వచ్చే చలిముసురు అది, ములాంజే మీద రోజుల తరబడి కూర్చుంటుంది. గర్భిణులను చాపలూ గిన్నెలతో సహా ప్రార్థన హాలులోకి మార్చి, మేం టార్పాలిన్ అంచులు పట్టుకుని నిలబడ్డాం. పెద్ద నర్సు వచ్చి మమ్మల్ని నోరారా తిట్టింది, తిట్టాల్సిందే. ఆమెను అందరూ 'అమాయి' అంటారు. చిచేవా భాషలో అమ్మ అని. నా చెవికి మాత్రం అమ్మాయీ అని పిలిచినట్టే ఉండేది.

ముసురు తగ్గాక కొత్త వాసాలను ఇనప పట్టీలతో గోడకు బిగించి, రేకులు పరిచాం. నాకు తూర్పు వైపు చివరి వరుస ఇచ్చారు. మొదటి రోజు నేను వంకరపోగొట్టిన మేకులను మేస్త్రి ఏరి, రాయి మీద పెట్టి సాపు చేసి జేబులో వేసుకున్నాడు. ఒక్క మాట అనలేదు. నాకు సిగ్గేసింది.

నా ఒక్కడి విమానం టిక్కెట్టుతో మేస్త్రికి ఎన్ని నెలల కూలి ఇవ్వవచ్చో లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. ఆ మాటే పెద్దాయనతో అన్నాను. "ఊరికే పంపమంటే ఎవరు పంపుతారు? మనిషి వస్తేనే వెనకాల డబ్బు వస్తుంది" అన్నారాయన. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రంగుల డబ్బాలు మూత తీయకుండానే స్టోరులో పెట్టి వచ్చాం.

డిసెంబరులో, అక్కడ వానలు మొదలయ్యాక, పెద్దాయన నా ఫోనుకు ఫొటో పంపారు. ఆరిన నేల, మంచాలు, నవ్వుతున్న ఇద్దరు తల్లులు. మూలన ఒక బకెట్.

అది ఏ వైపని అడిగాను. తూర్పు, చివరి వరుస అన్నారు.