మోట పోయినంత జల్దీ డ్రిప్పు ఎందుకు రాలేదు

నల్లగొండ, పాలమూరు వైపు ఎడ్లతో నీళ్లు తోడే మోట బావులు చూస్తుండగానే మూలపడ్డాయి. అదే నేలలో, పైపులతో మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్లిచ్చే డ్రిప్పు మాత్రం సబ్సిడీ ఇచ్చినా నత్తనడకే. రైతుకు కొత్తదంటే భయం అంటారు. అప్పు చేసి బోరు వేసి, నీళ్లు పడకపోతే ఇంకోచోట పొడిపించే మనిషికి భయమా?

అసలు సంగతి వేరు. బోరు, మోట కింది నీళ్లనే లాగేసింది. ముప్పై నలభై అడుగుల బావిలో ఊట ఉన్నన్నాళ్లే ఎడ్లూ తోలు బొక్కెనా పనికొచ్చేది. చుట్టుపక్కల చెలకల్లో మూడొందల అడుగుల బోర్లు పడేకొద్దీ ఆ ఊట ఎండింది. ఇక ఇష్టమున్నా లేకున్నా అందరూ బోరుకు రావాల్సిందే.

డ్రిప్పుకు ఆ బలవంతం లేదు. మీరు నీళ్లు మిగిలిస్తే అవి పక్కోడి బోరుకూ అందుతాయి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు కాబట్టి ఎంత పారించినా బిల్లు లేదు. నీళ్లు నిలబెట్టే వరి మడికి డ్రిప్పు ఎటూ కుదరదు. చెట్టుకూ చెట్టుకూ 20 అడుగుల ఎడముండే బత్తాయికి మాత్రం చక్కగా సరిపోతుంది.

మోటారు కాలితే వైండింగ్ చేసేవాడు దగ్గర్లోనే దొరుకుతాడు. డ్రిప్పు రోగం బయటికి కనబడదు. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, పైపు మీద చుక్కలు వదిలే డ్రిప్పర్ రంధ్రంలో తెల్లగా గడ్డకడతాయి. గంటకు 8 లీటర్ల డ్రిప్పర్ కింద గ్లాసు పెడితే 3 నిమిషాల్లో 400 మిల్లీలీటర్లు రావాలి. తోటంతా తగ్గితే ముందు ఫిల్టర్ జాలీ కడగండి. లైను చివర్లోనే తగ్గితే ఎండ్ క్యాప్ (చివరి మూత) విప్పి మురికి వదలండి. అక్కడక్కడా తగ్గితే ఉప్పే. అప్పుడు వెంచురీ (మందును లైనులోకి పీల్చే గొట్టం) ద్వారా హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఎక్కించాలి. చివరి డ్రిప్పర్ నీళ్లలో యాసిడ్ ఘాటు కొలిచే పీహెచ్ కాగితం 4 చూపగానే మోటారు ఆపి, 24 గంటలుంచి, క్యాపులు విప్పి కడగాలి. కలిపేటప్పుడు నీళ్లలోనే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోస్తే మీదికి చిమ్ముతుంది. చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. ఇంత పనుందని పైపులు పరిచిన రోజు ఎవరూ చెప్పరు.

ఇక కౌలు రైతు. పాసుబుక్కు పట్టాదారు పేరున ఉంటుంది, సబ్సిడీ దాన్ని చూసే ఇస్తారు. వచ్చే ఏడు ఈ చెలక తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు. అందుకే పల్లికి నీళ్లు పెట్టాలంటే అతను స్ప్రింక్లర్ పైపులే కొంటాడు. క్లిప్పు తీస్తే దేనికది ఊడొస్తుంది, ట్రాక్టర్‌లో వేసుకుని ఇంకో చెలకకు పోవచ్చు.