రిజిస్టర్‌లో పేరు ఎక్కేదాకా: ఎస్టీ కాలనీ పిల్లలతో నా అనుభవం

మా అంగన్‌వాడీ నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, రొయ్యల గుంటలకు దగ్గర్లో ఉంది. పిలిస్తే పలికేంత దూరంలో యానాదుల ఎస్టీ కాలనీ. అయినా నేను చేరిన కొత్తలో అక్కణ్ణుంచి ఒక్క బిడ్డా రోజూ వచ్చేది కాదు. "వాళ్లకు చదువు మీద ధ్యాస లేదు టీచర్" అని ఊళ్లో అందరిదీ ఒకటే మాట. కాలనీకి పోయి కూర్చుంటే వేరే సంగతి తెలిసింది. "కాగితాల్లేకపోతే ఎక్కించుకోరంట గదా టీచరమ్మా" అనింది ఒక తల్లి. ఆమె కాన్పు గుంట కాడ కాపలా గుడిసెలో అయింది. పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు.

ముందు కాగితం, ఆ తర్వాతే కేంద్రం అంటే ఆ బిడ్డకు ఆరేళ్లు దాటిపోతాయి. అందుకే ముందు బిడ్డను కేంద్రానికి తెచ్చుకున్నాను. బిడ్డకు ఆధార్ లేకున్నా తల్లి ఆధార్‌తో పోషణ్ ట్రాకర్‌లో, అంటే అంగన్‌వాడీ పిల్లల వివరాలు రాసే యాప్‌లో, పేరు ఎక్కించొచ్చు. ఆ రోజు నుంచే గుడ్డు, పాలు, అన్నం అందరితోపాటు తినింది.

జనన ధ్రువపత్రం మాత్రం బాగా తిప్పింది. పుట్టిన 21 రోజుల్లో చెప్తే ఊరికే అయిపోయే పని. ఏడాది దాటితే ఆర్డీవో ఆర్డర్ కావాలి. పంచాయతీలో నమోదు కాలేదన్న పత్రం, అర్జీ, ఊళ్లో విచారణ, ఆ తర్వాతే ఫైలు పైకి కదిలేది. తల్లి పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉంటే మళ్లీ మొదటికి. తిరిగిన రోజల్లా వాళ్లకు కూలి పోతుంది. నేను ఊరి నర్సు ఏఎన్‌ఎం దగ్గర టీకాల రిజిస్టర్ వెతికించి పుట్టిన తేదీ రాయించుకున్నాను. విచారణకు వచ్చినప్పుడు అదే గట్టి ఆధారమైంది.

కాగితాల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఊరి తల్లిదండ్రుల మాట. "మా పాపను వాళ్ల పక్కన కూర్చోబెట్టొద్దు, వస్తువులు పోతాయి" అన్నారు ఒకరు. ఆ ముద్ర నిన్నటిది కాదు. బ్రిటిష్ వాళ్లు యానాదుల్లో కొందరిని నేరస్థ జాతుల చట్టం కింద చేర్చారు. ఆ చట్టం 1952లో రద్దయింది. సంఘ సేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య గారు నెల్లూరులో ఉండి యానాదుల కోసం పోరాడారు. మూడేళ్ల బిడ్డకు ఇంకా ఆ ముద్ర ఏంది? నేను వాదన పెట్టుకోలేదు. పిల్లలందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, పక్కన ఎవరుండాలో రోజూ మార్చాను. కొంతమంది తల్లిదండ్రులు తమ పిల్లల్ని మానిపించారు, తర్వాత మళ్లీ పంపించారు.

కాలనీ నుంచి వచ్చిన నాలుగేళ్ల పాప చాలా రోజులు నోరు విప్పలేదు. గోడ మీది చార్టులో ఆపిల్, ద్రాక్ష చూపిస్తే తల దించుకునేది. నీటిలో ఉండే జీవుల పాఠం వచ్చిన వారం, చార్టు పక్కన పెట్టి తడి బంకమన్ను ఇచ్చాను. ఆ పాప చేపను చేసి, తల వెనక రెండు పక్కలా చీపురు పుల్లలు గుచ్చి, "ఇది జెల్ల. దీనికి ముల్లుంటాది. పొడిస్తే సలుపుతాది, ఈడ పట్టుకోవాల" అని వేళ్లతో చూపించింది. తర్వాత సన్నగా పొడుగ్గా బొమ్మిడాయి, తల లావుగా కొరమీను. ఊరి పిల్లలు చుట్టూ చేరి "నాకూ చెప్పు" అని ఒకరి మీద ఒకరు పడ్డారు. వాళ్లలో పాపను పక్కన కూర్చోబెట్టొద్దన్న ఇంటి పిల్ల కూడా ఉంది. ఇప్పుడు మా గోడ మీద ఆపిల్ పక్కన జెల్ల బొమ్మ ఉంది.

పని దొరికితే ఆ కుటుంబాలు వేరే ఊరి గుంటలకు పోతాయి. పోయే ముందు నాకు చెప్పమని అడుగుతున్నాను. ట్రాకర్‌లో బిడ్డ పేరు అక్కడి కేంద్రానికి మార్చొచ్చు, తిండి ఆగదు.

ఇంకో మాట తల్లులందరికీ చెప్తున్నాను. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోననకూడదు. జనన పత్రం లేనప్పుడు అంగన్‌వాడీ రికార్డు కూడా వయసుకు రుజువే. అందుకే రిజిస్టర్‌లో పుట్టిన తేదీ, తల్లి పేరు అక్షరం తప్పు పోకుండా రాస్తాను. జెల్ల చేప చేసిన పాప జూన్‌లో ఆ రికార్డు నకలుతోనే ఒకటో తరగతిలో చేరింది. ఆర్డీవో ఆర్డర్ ఆ తర్వాత వచ్చింది. ఆమె తమ్ముడి ఫైలు ఇంకా తహసీల్దార్ ఆఫీసులో ఉంది, సోమవారం వాళ్లమ్మతో కలిసి పోవాలి.