పర్లాకిమిడి విత్తనాల కొట్లో వాన లెక్క చూపే చిన్న టచ్ స్క్రీన్

ఈ వానాకాలానికి నేను పెట్టుకున్న పని ఇది. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి బజారులో మా చిన్నాన్న విత్తనాల కొట్టు ఉంది. మేడ మీద ఒక వానమాపకం, కింద గల్లాపెట్టె పక్కన మూడున్నర అంగుళాల టచ్ స్క్రీన్ ఉండాలి. వేలు పెడితే నిన్నటి వాన, ఈ వారం వాన, ఈ నెల వాన మిల్లీమీటర్లలో కనిపించాలి. తెలుగు కావాలంటే తెలుగు, ఒడియా కావాలంటే ఒడియా రావాలి. నెట్ లేకపోయినా నడవాలి, కరెంటు పోయి వచ్చినా లెక్క చెడకూడదు.

ఫోన్‌లో వాతావరణం యాప్ ఉండగా ఇదెందుకని కొందరు అడిగారు. యాప్ చెప్పేది రాబోయే వాన అంచనా. మా గజపతి జిల్లాలో కొండకీ పల్లానికీ వాన ఒకేలా పడదు. మహేంద్రగిరి కొండ 1,501 మీటర్ల ఎత్తు. ఊళ్లో జల్లు పడి ఆగిపోయిన రోజు కూడా పైన గట్టిగా కురిస్తే మహేంద్రతనయ ఏరు ఎర్రగా వచ్చేస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా వచ్చినప్పుడు జిల్లాలో వరదలు వచ్చాయి, కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అప్పుడు ఎంత వాన పడిందో అంకె చెప్పగలిగినవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు. అది నాకు ఇప్పటికీ బాధే. ఇక మామూలు రోజుల్లో అయితే, నేల పదునైందా, విత్తనం వెయ్యొచ్చా అన్నది తేల్చుకోవడానికి రైతుకి నిన్న ఇక్కడ పడిన వాన ఎంతో తెలియాలి.

మే నెల: బోర్డు, స్క్రీన్

బోర్డు నా దగ్గర పాతదే, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై 3. స్క్రీన్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. 480 బై 320 పిక్సెళ్లు, లోపల ఐఎల్ఐ 9486 చిప్, టచ్‌కి ఎక్స్‌పీటీ 2046 చిప్. రెండూ బోర్డుతో ఎస్పీఐ అనే కొద్ది తీగల పద్ధతిలోనే మాట్లాడతాయి. కేబుల్ ఏమీ ఉండదు, రాస్ప్‌బెర్రీ పై బోర్డు పిన్నుల మీద నేరుగా కూర్చుంటుంది.

ఇది రెసిస్టివ్ టచ్, అంటే ఒత్తిడికి పనిచేసేది. ఫోన్లలో ఉండే కెపాసిటివ్ టచ్ నున్నగా ఉంటుంది, చూడ్డానికీ బాగుంటుంది. అయినా కావాలనే దీన్ని ఎంచుకున్నాను. వానాకాలంలో కొట్టుకొచ్చే మనిషి చెయ్యి తడిగానే ఉంటుంది, ఒక్కోసారి మట్టి కూడా ఉంటుంది. ఒత్తిడి స్క్రీన్‌కి తడి వేలైనా, గోరైనా, పెన్ను వెనకవైపైనా ఒకటే.

స్క్రీన్‌తో పాటు ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ వస్తుంది. దాన్ని వాడొద్దనే చెప్తాను. ఇలాంటివి పాత ఓఎస్‌ల కోసం రాసినవి, కాన్ఫిగ్ ఫైలు మొత్తం మార్చేస్తాయి. దాని అవసరం కూడా లేదు. ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌తో పాటు వచ్చే ‘పిస్క్రీన్’ అనే ఓవర్లే, అంటే తగిలించిన చిప్‌ల గురించి ఓఎస్‌కి చెప్పే చిన్న ఫైలు, ఈ చిప్‌ల జతకి సరిపోతుంది. కాన్ఫిగ్ ఫైల్లో ఎస్పీఐ ఆన్ చేసి, పిస్క్రీన్ ఓవర్లే లైను ఒకటి రాసి, దాని పక్కనే స్పీడు 1,60,00,000 అనీ, రొటేట్ 90 అనీ ఇస్తే చాలు. బుక్‌వార్మ్ అనే ఓఎస్ వెర్షన్ నుంచి ఆ కాన్ఫిగ్ ఫైలు బూట్ ఫోల్డర్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్లోకి మారింది, అక్కడ వెతకండి. రీబూట్ అయ్యాక స్క్రీన్ తెల్లగా కాకుండా నల్లగా కనిపిస్తే డ్రైవర్ ఎక్కినట్టే. తెల్లగానే ఉంటే ఎక్కలేదు, లేదా పిన్నులు ఒక వరస పక్కకి కూర్చున్నాయి.

స్పీడు గురించి ఒక లెక్క. ఒక పిక్సెల్‌కి 16 బిట్లు. తెర మొత్తం నింపాలంటే 480, 320, 16 గుణిస్తే 24,57,600 బిట్లు పంపాలి. 16 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకి ఆరు ఫ్రేములే అందుతాయి. వీడియోకి పనికిరాదు గానీ వాన అంకెలకి ధారాళంగా సరిపోతుంది. స్పీడు పెంచితే నా స్క్రీన్ మీద రంగుల గీతలు పడ్డాయి, అందుకని 16 దగ్గరే ఉంచేశాను.

డెస్క్‌టాప్ పెట్టలేదు. లైట్ వెర్షన్ ఓఎస్ ఎక్కించి, పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో బొమ్మ గీసి, నేరుగా ఫ్రేమ్‌బఫర్ అనే, తెర మీది పిక్సెళ్లన్నీ ఉండే ఫైల్లో రాస్తున్నాను. రంగుని 565 పద్ధతికి మార్చాలి, అంటే ఎరుపుకి 5 బిట్లు, ఆకుపచ్చకి 6, నీలానికి 5. అంకెల పట్టికల మీద లెక్కలు చేసే నంపై లైబ్రరీ ఉంటే రెండు లైన్ల పని.

జూన్: అక్షరాలు

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే, అంత సమయం పెట్టాల్సింది కూడా ఇక్కడే. ఈ తరహా ప్రాజెక్టుల్లో చాలామంది పేర్లన్నీ ఇంగ్లీషులో వదిలేస్తారు. గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊళ్లో, చదివేవాడికి అందని అక్షరాలతో బోర్డు పెట్టడం నాకు మనసొప్పలేదు.

ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోతే పదం అయిపోతుంది. మనకి అలా కుదరదు. గుణింతం అక్షరంలో కలవాలి, ఒత్తు కిందకి దిగాలి. ఆ కలిపే పని చేసేది హార్ఫ్‌బజ్. పిల్లో దాన్ని ‘రక్మ్’ అనే లైబ్రరీ ద్వారా వాడుకుంటుంది. రక్మ్ లేకపోతే పిల్లో మొరాయించదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, అక్షరాలని విడగొట్టి పడేస్తుంది. ‘శ్రీ’ అని రాస్తే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం విడివిడిగా వరసలో కనిపిస్తాయి. ఒడియాలో అయితే ఇంకా కష్టం. అక్కడ ఎత్వం గుర్తు హల్లుకి ఎడమ పక్కన రావాలి, రక్మ్ లేకపోతే కుడి పక్కన పడుతుంది. ఒడియా చదవడం రానివాళ్లకి ఆ తప్పు కంటికే తగలదు. అందుకని ఒడియా పేజీలన్నీ పక్కింటి అమ్మాయి చేత చదివించాను, తను కాలేజీలో ఒడియా సాహిత్యం చదువుతోంది. రెండు చోట్ల మాట కూడా మార్చింది, రైతులకి ఇదే తెలుస్తుందని.

కాబట్టి ముందుగా చూడాల్సింది పిల్లో ఫీచర్ల జాబితా. అందులో రక్మ్ ఎదురుగా ‘ఓకే’ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ ప్యాకేజీ ఎక్కించి, ఫాంట్ తెరిచేటప్పుడు లేఅవుట్ ఇంజిన్ రక్మ్ అని చెప్పండి. ఫాంట్లు రెండూ నోటో కుటుంబానివే వాడాను, నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా. డెబియన్ ప్యాకేజీల్లో ఒకేసారి వచ్చేస్తాయి.

సైజు కూడా ముఖ్యమే. ఈ తెర మీద మిల్లీమీటరుకి సుమారు ఆరున్నర పిక్సెళ్లు. 16 పిక్సెళ్ల తెలుగు అక్షరం అంటే రెండున్నర మిల్లీమీటర్లు. దగ్గరగా కూర్చున్న నాకు సరిపోతుంది, కౌంటర్ అవతల నిలబడ్డ పెద్దాయనకి సరిపోదు. చిన్నాన్న చూసి, “అక్షరాలు పెద్దవి చెయ్యి నాన్నా, కళ్లజోడు ఇంట్లో వదిలేసి వచ్చేవాళ్లే మన దగ్గరికి ఎక్కువ” అన్నాడు. ఇప్పుడు పేర్లు 32 పిక్సెళ్లు, వాన అంకె 120 పిక్సెళ్లు. వరసకీ వరసకీ మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చేదానికంటే ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టుని తాకుతుంది. నేను ఫాంట్ సైజుకి ఒకటిన్నర రెట్లు ఇచ్చాను. అంకెలు మాత్రం రెండు పేజీల్లోనూ మామూలు 1, 2, 3 లే. నోట్ల మీద, బస్సుల మీద అందరూ చదివేవి అవే కదా.

టచ్‌కి బటన్లు మూడే. 80 పిక్సెళ్ల కంటే తక్కువ ఎత్తు ఏదీ పెట్టలేదు, అంటే 12 మిల్లీమీటర్లు. టచ్ చిప్ 0 నుంచి 4095 మధ్య అంకెలు ఇస్తుంది. తెర తిప్పినప్పుడు అడ్డం నిలువు తారుమారు అవుతాయి. నాలుగు మూలలా ఒత్తి, వచ్చిన అంకెలు రాసుకుని, దాన్నిబట్టి పిక్సెల్ లెక్క కట్టుకోవాలి. ఒక్క నొక్కుడుకి చాలా రీడింగులు వస్తాయి, అందులో మధ్యది తీసుకుంటే వేలు వణికినా బటన్ మారదు.

వానమాపకం తీగ

ఈ స్క్రీన్ 40 పిన్నుల్లో మొదటి 26 పిన్నుల్నీ కప్పేస్తుంది. మిగిలిన 27 నుంచి 40 దాకా ఉన్న పిన్నుల్లో జీపీఐఓలు (మనకి కావాల్సినట్టు వాడుకునే సిగ్నల్ పిన్నులు), మూడు గ్రౌండ్లు ఉన్నాయి గానీ 3.3 వోల్టులది ఒక్కటీ లేదు. చాలా సెన్సర్లకి ఇక్కడే ఇబ్బంది వస్తుంది. తొట్టి వానమాపకానికి మాత్రం పవరే అక్కర్లేదు. గరాటాలోంచి దిగిన నీళ్లతో చిన్న తొట్టి నిండి అటో ఇటో ఒరిగినప్పుడల్లా అయస్కాంతం దగ్గరికొచ్చి, దానికి స్పందించే రీడ్ స్విచ్‌ని ఒకసారి మూస్తుంది, అంతే. రెండు తీగలు చాలు. ఒకటి 37వ పిన్నుకి, అంటే జీపీఐఓ 26కి, రెండోది 39వ పిన్ను గ్రౌండ్‌కి ఇచ్చి, స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్నుని 3.3 వోల్టుల దగ్గర పట్టి ఉంచే లోపలి పుల్‌అప్ ఆన్ చేశాను. మేడ మీద నుంచి తీగ పొడుగు కాబట్టి ఉరుముల రోజున దొంగ లెక్కలు పడకుండా బోర్డు దగ్గర ఒక కిలోఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను.

నేను తెచ్చిన మాపకం ఒక్కో ఒరుగుకి 0.2794 మిల్లీమీటర్లు అని రాసి ఉంది. నమ్మే ముందు పరీక్షించాలి. గరాటా నోరు 11 సెంటీమీటర్లు బై 5, అంటే 55 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 1 మిల్లీమీటర్ వాన అంటే 5.5 మిల్లీలీటర్ల నీళ్లు. మెడికల్ షాపులో దొరికే సిరంజితో 110 మిల్లీలీటర్లు చుక్కచుక్కగా పోస్తే 20 మిల్లీమీటర్లకి 71 లేదా 72 ఒరుగులు రావాలి. నాకు వచ్చింది కొంచెం తక్కువ. తొట్టి కింద ఉన్న రెండు స్క్రూలు సవరించాక దారిలోకి వచ్చింది. నీళ్లు గబగబా పోస్తే లెక్క తగ్గుతుంది, కుండపోత వానలోనూ ఈ రకం మాపకాలు అలాగే తక్కువ చూపిస్తాయి. అందుకని పక్కనే నిటారు గోడల స్టీలు డబ్బా ఒకటి పెట్టాను. అందులో నిలిచిన నీటి లోతుని స్కేలుతో కొలిస్తే అదే వాన. పొద్దున్నే రెండూ పోల్చి చూస్తాను.

మాపకం పిట్టగోడకి దూరంగా ఉండాలి, కనీసం గోడ ఎత్తుకి రెట్టింపు ఎడం. మట్టం సరిగ్గా చూసుకోవాలి. వేపాకు పడితే గరాటా మూసుకుపోతుంది, వారానికోసారి మేడ ఎక్కక తప్పదు.

జూలై: గడియారం, కరెంటు

వాతావరణ శాఖ వాన రోజు ఉదయం 8:30కి మారుతుంది. నేనూ అదే పెట్టుకున్నాను, లేకపోతే పేపర్లో వచ్చే అంకెతో పోల్చలేం. కానీ రాస్ప్‌బెర్రీ పై 3లో గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక నెట్ కూడా లేకపోతే టైము వెనకబడిపోతుంది, రాత్రి వాన వేరే రోజు ఖాతాలో పడుతుంది. అందుకని బటన్ సెల్ ఉన్న డీఎస్ 3231 గడియారం కలిపాను. గడియారం మాట్లాడే ఐ2సీ అనే రెండు తీగల పద్ధతికి ఉన్న మామూలు పిన్నులు స్క్రీన్ కింద ఉన్నాయి కాబట్టి జీపీఐఓ 5, 6 మీద సాఫ్ట్‌వేర్ ఐ2సీ ఓవర్లే వాడాను. 3.3 వోల్టులు మాత్రం బోర్డు వెనకవైపు 1వ పిన్ను అడుగున సన్న తీగ సోల్డర్ చేసి తీసుకున్నాను. చెయ్యి స్థిరంగా ఉన్నవాళ్లే చెయ్యండి, పక్కనే 5 వోల్టుల పిన్ను ఉంటుంది.

ఎస్డీ కార్డు కరెంటు కోతలకి పాడవకుండా ఓవర్లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేశాను, అంటే కార్డు మీద ఏదీ రాయదు. వాన లెక్క మాత్రం పది నిమిషాలకోసారి పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. రౌటర్లకి పెట్టే చిన్న యూపీఎస్, 5 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నది, బోర్డుకి ముందు పెట్టాను. సన్న యూఎస్‌బీ కేబుల్ వాడితే స్క్రీన్ వెలిగేసరికి వోల్టేజీ పడిపోయింది, లావుది మార్చాక తగ్గింది.

ఇప్పుడు కొట్లో ఉన్నది ఇదే. వాన 64.5 మిల్లీమీటర్లు దాటితే అంకె నారింజ రంగులోకి, 115.6 దగ్గర ఎరుపులోకి మారుతుంది. వాతావరణ శాఖ భారీ, అతి భారీ అనే హద్దులు అవే. మొన్న పాతపట్నం నుంచి వచ్చిన ఒకాయన ఎవరూ చెప్పకుండానే బటన్ నొక్కి, వారం లెక్క చూసుకుని, “మా వైపు ఇంకా తక్కువే పడింది బాబూ” అని వరి విత్తనం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. చిన్నాన్న ఏమీ అనలేదు. నాకైతే స్క్రీన్ పెట్టినందుకు అప్పుడు సంతోషం వేసింది.

మిగిలిన పనులు రెండు. బ్యాక్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఓవర్లే జీపీఐఓ 22ని దానికి కేటాయించినా నా స్క్రీన్ బోర్డులో ఆ పిన్నుకి కనెక్షన్ లేదు. చిన్న ట్రాన్సిస్టర్ పెట్టి రాత్రిపూట ఆర్పాలి. రెండోది కాశీనగర్ వైపు ఒక స్నేహితుడి ఇంటి దగ్గర స్టీలు డబ్బా పెట్టిస్తున్నాను. అక్కడి నుంచి ఆటోమేటిక్‌గా అంకె తెప్పించడం ఈ సీజన్‌లో అయ్యే పని కాదు. పొద్దున్న ఫోన్‌లో అడిగి చేత్తో ఎక్కించడానికి తెర మీద అంకెల ప్యాడ్ గీస్తున్నాను. పది అంకెలు, దశాంశ చుక్క, చెరిపే బటన్, సేవ్ బటన్ అన్నీ 80 పిక్సెళ్ల కొలతలోనే పట్టించాలి. నాలుగు వరసలు, మూడు నిలువు గళ్లు వేస్తే 320 పిక్సెళ్ల ఎత్తూ సరిగ్గా అయిపోతోంది, ఎక్కించే అంకెనీ సేవ్ బటన్‌నీ కుడి పక్కన చూపించాలి.