3000 దగ్గర పట్టి ఉంచితే

కారుని డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పించి ఇంజన్ బలం కొలిచే యంత్రం) ఎక్కించానని చెబితే చాలు, ఆటోనగర్‌లో ఎవరైనా ముందు అడిగేది ఒక్కటే: "ఎంతొచ్చింది?" హార్స్‌పవర్ ఎంత అని. నా ఎస్టీమ్‌ను ఎక్కించినప్పుడు ఆ అంకె చివరి పావుగంటలో వచ్చింది. దానికి ముందు పొద్దుటి నుంచీ జరిగిన పని వేరు: పెట్రోల్ ఎంత పడాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి అన్నది ఇంజన్‌కి సరిపోయేలా దిద్దడం, అంటే ట్యూనింగ్. ఆ పని గురించి తెలుగులో రాసినవాళ్లు నాకు కనపడలేదు, అందుకే ఈ పోస్టు కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

ముందు బండి సంగతి. 2002 మారుతి ఎస్టీమ్, మామయ్య వాడి నాకిచ్చింది. జీ13 ఇంజన్, 1298 సీసీ, 74 మిల్లీమీటర్ల బోరు, 75.5 స్ట్రోకు, పదహారు వాల్వులు, కంపెనీ లెక్కలో 85 హార్స్‌పవర్. ఒకప్పుడు మన దేశంలో ర్యాలీలకు వెళ్లేవాళ్లు ఇష్టపడి వాడిన బండి ఇది. నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉంది కాబట్టి హెడ్డు (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) పని అక్కడే దగ్గరుండి చేయించాను. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, అవన్నీ మార్చాను. కేటలిటిక్ కన్వర్టర్ మాత్రం తీయలేదు, తీయను కూడా. కంపెనీ ఈసీయూ (పెట్రోల్‌నీ స్పార్క్‌నీ నడిపే కంప్యూటర్) స్థానంలో స్పీడువినో పెట్టాను. ఆర్డువినో మెగా బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ అది.

స్పీడువినోలో పెట్రోల్ లెక్కంతా ఒక పట్టిక. అడ్డంగా ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు), నిలువుగా మ్యానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో) గాలి ఒత్తిడి కిలోపాస్కల్‌లలో. 16 వరసలు, 16 నిలువులు, మొత్తం 256 గళ్లు. సిలిండర్ ఆ ఆర్‌పీఎంలో, ఆ ఒత్తిడి దగ్గర నిజంగా ఎంత శాతం గాలితో నిండుతోంది అన్నది ఒక్కో గడిలో ఉండాల్సిన అంకె. టైమింగ్‌కి, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలన్న దానికి, ఇలాంటిదే ఇంకో పట్టిక. కొత్త క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు), పని చేసిన హెడ్డు ఉన్న ఇంజన్‌కి ఈ అంకెలు ఎవరూ ముందే చెప్పలేరు. ఇంజన్‌నే అడగాలి.

అడగడం ఎలా? రోడ్డు మీద 3000 ఆర్‌పీఎం, 80 కిలోపాస్కల్ అన్న గడిలో ఐదు సెకన్లు ఉండాలని ప్రయత్నించండి. థ్రాటిల్ (యాక్సిలేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) అంత తెరవగానే బండి దూకుతుంది, 3000 కాస్తా 3400 అవుతుంది, గడి దాటిపోతుంది. కొందరు ఎడమ కాలితో బ్రేకు నొక్కి పట్టి చేస్తారు. బ్రేకులు కాలిపోతాయి, పైగా రోడ్డు మీద మిగతా జనం ఉంటారు. దయచేసి అలా చేయకండి.

ఇనర్షియా డైనోతోనూ ఈ ఇబ్బంది తీరదు. అందులో చక్రాలు ఒక బరువైన డ్రమ్మును తిప్పుతాయి. ఆ డ్రమ్ము ఎంత త్వరగా వేగం అందుకుందో చూసి పవర్ లెక్క కడతారు. 2000 నుంచి 6000 దాకా కొద్ది సెకన్లలో అయిపోతుంది. పవర్ కొలవడానికి మంచి పద్ధతే. కానీ పట్టికలో ఫుల్ థ్రాటిల్ వరస ఒక్కటే, అదీ పరుగు మీద కనిపిస్తుంది. మనం రోజూ బండి నడిపేది 30 నుంచి 70 కిలోపాస్కల్ మధ్య. ఆ గళ్ల గురించి అది ఏమీ చెప్పదు.

లోడ్ పట్టే డైనోలో రోలర్ షాఫ్టుకి ఒక ఎడ్డీ కరెంట్ బ్రేకు ఉంటుంది. కాయిల్స్ పక్కన లోహపు రోటర్లు తిరుగుతుంటాయి. కాయిల్స్‌లోకి కరెంటు పంపితే రోటర్‌లో సుడి కరెంట్లు పుట్టి దాని తిరుగుడుని ఎదిరిస్తాయి. ఎక్కడా ఏదీ రాసుకోదు, ఇంజన్ ఇచ్చిన శక్తంతా వేడిగా గాల్లోకి పోతుంది. పాత ఇళ్లలో కరెంటు మీటరు లోపల అల్యూమినియం బిళ్ల ఒకటి తిరిగేది గుర్తుందా? దానికి అడ్డుపడే అయస్కాంతం చేసేదీ ఇదే పని. బ్రేకు బాడీ తిరిగిపోకుండా ఒక చెయ్యి లోడ్ సెల్‌ను (బలం కొలిచే సెన్సర్‌ను) నొక్కుతుంది. ఆ బలాన్ని చెయ్యి పొడవుతో గుణిస్తే టార్క్, అంటే తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు.

ఇప్పుడు ఆపరేటర్ 3000 అని పెట్టాడనుకోండి. మీరు యాక్సిలేటర్ ఎంత తొక్కినా బ్రేకు అంతే గట్టిగా పట్టుకుంటుంది. సూది 3000 మీదే ఉంటుంది. ఇంజన్ శబ్దం మారుతుంది, సీట్లో కూర్చున్న మీకు వణుకు తెలుస్తుంది, ఆర్‌పీఎం మాత్రం కదలదు. మొదటిసారి అనుభవించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

బెంగళూరు శివార్లలో ఒక వర్క్‌షాప్‌లో ఈ పని చేయించాను. ఆపరేటర్ మదనపల్లె మనిషి, నాకంటే పెద్దవాడు. బండి రోలర్ల మీదికి వెళ్లకముందే స్క్రూడ్రైవర్ తీసుకుని టైర్ల గాడుల్లో ఇరుక్కున్న రాళ్లన్నీ ఒక్కోటీ తీశాడు. 120 కిలోమీటర్ల వేగంలో చక్రం తిరుగుతుంటే ఆ రాయి బుల్లెట్ లాగా వచ్చేస్తుందన్నాడు. తర్వాత టైర్లలో గాలి చూశాడు. బెల్టులు వెనక రెండు, ముందు పక్కలకి రెండు కట్టాడు, మరీ బిగించలేదు. ఎక్కువ బిగిస్తే టైరు రోలర్ మీద నలిగి పవర్ అక్కడే తినేస్తుంది.

"స్టీరింగ్ వదలొద్దు తమ్ముడూ. ముందు చక్రాలు లాగే బండి, రోలర్ మీద పక్కకు పోతా ఉంటుంది."

"సరే అన్నా."

టైమింగ్ లైట్ పెట్టి క్రాంక్ పుల్లీ గుర్తు, ఈసీయూ చూపిస్తున్న డిగ్రీలు ఒకటేనా కాదా చూశాడు. ఇవి కలవకపోతే టైమింగ్ పట్టికలో రాసిన ఏ అంకెకీ అర్థం ఉండదు. సైలెన్సర్ జాయింట్ల దగ్గర లీకు ఉందేమో కూడా చూశాడు. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు సన్నటి లీకున్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని, మిక్స్చర్ లేనిపోని లీన్‌గా (పెట్రోల్ తక్కువగా) కనిపిస్తుంది. నాలుగో గేరు ఎంచుకున్నాం, దాని రేషియో ఒకటికి ఒకటికి దగ్గర కాబట్టి.

పెట్రోల్ పట్టిక ఎలా నిండుతుందో ఒక్క గడితో చెప్తాను. 3000, 50 కిలోపాస్కల్. పట్టికలో అంకె 62. లాంబ్డా అంటే పెట్రోల్ పూర్తిగా కాలడానికి సరిగ్గా కావలసిన గాలితో పోలిస్తే ఎంత గాలి ఉందన్న లెక్క. అక్కడ కావలసిన లాంబ్డా 1.00. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ 1.06 చూపిస్తోంది, అంటే ఆరు శాతం లీన్. 62ని 1.06తో గుణిస్తే 65.7. 66 కొట్టి, సెన్సర్ స్థిరపడేదాకా ఆగితే 1.00 దగ్గర నిలబడింది. అంతే. తర్వాత థ్రాటిల్ ఇంకొంచెం, 60. మళ్లీ 70. ఆర్‌పీఎం మారదు కాబట్టి నిలువు వరస మొత్తం కింది నుంచి పైకి ఇలా నింపుకుంటూ పోవచ్చు. ఆ తర్వాత 3500. ఫుల్ లోడ్ గళ్లలో లాంబ్డా 0.87 దగ్గర పెట్టాం. ఎయిర్ ఫ్యూయల్ రేషియో (బరువులో పెట్రోల్‌కి ఎన్ని రెట్లు గాలి అన్న లెక్క) బదులు లాంబ్డాలోనే ఎందుకు మాట్లాడుతున్నానంటే, మనం విన్న 14.7 ఇథనాల్ కలవని పెట్రోల్‌ది. 20 శాతం ఇథనాల్ ఉంటే అది 13.5 దగ్గరికి వస్తుంది. లాంబ్డాకి ఆ గొడవ లేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన పని టైమింగ్. 3000, 60 కిలోపాస్కల్ దగ్గర బండిని పట్టి ఉంచి, థ్రాటిల్ కదపకుండా, నేను ల్యాప్‌టాప్‌లో డిగ్రీలు మారుస్తుంటే ఆయన టార్క్ చదివాడు. 24 డిగ్రీల దగ్గర 49 న్యూటన్ మీటర్లు. 26కి 52. 28కి 53.5. 30కి 54. 32కి కూడా 54. 34కి 53. థ్రాటిల్ అంతే, పెట్రోల్ అంతే, స్పార్క్ ఎప్పుడు పడిందన్న ఒక్క తేడాతో 24కీ 30కీ మధ్య ఐదు న్యూటన్ మీటర్లు. అంటే అదే పెట్రోల్‌తో పది శాతం ఎక్కువ పని. ఆ 30 డిగ్రీలనే ఎంబీటీ అంటారు, పూర్తి టార్క్ ఇచ్చే అతి తక్కువ అడ్వాన్స్ (స్పార్క్‌ను ముందుకు జరిపిన డిగ్రీలు). అక్కడ సిలిండర్‌లో ఒత్తిడి శిఖరం పిస్టన్ పైనుంచి దిగడం మొదలుపెట్టాక 15 డిగ్రీల దగ్గర పడుతుంది. పైన గీత చదునుగా ఉంది కాబట్టి 30 పెట్టినా 32 పెట్టినా టార్క్ ఒకటే. ఆయన 29 పెట్టించాడు. "ఒక డిగ్రీ వదిలితే నీకేం పోదు తమ్ముడూ, ఇంజన్‌కి మాత్రం ఊపిరి ఆడతాది."

షీటు మీద హార్స్‌పవర్‌లో ఈ మార్పు ఎక్కడా కనపడదు. ఏలూరు వెళ్లొచ్చినప్పుడు పెట్రోల్ ఖర్చులో కనపడుతుంది, ఊళ్లో మూడో గేరులో పుల్లింగ్‌లో కనపడుతుంది. పగలంతా అద్దె కట్టి డైనో మీద కూర్చోవడం దండగని నాకు చెప్పిన ప్రతి ఒక్కరికీ నేను చూపించేది ఈ ఆరు అంకెలే.

తక్కువ ఆర్‌పీఎం, ఫుల్ థ్రాటిల్ గళ్లలో ఎంబీటీ దాకా వెళ్లనే లేం, ముందే నాకింగ్ (పెట్రోల్, గాలి మిశ్రమం అదుపు తప్పి పేలి ఇంజన్‌ను దెబ్బతీసే చప్పుడు) వస్తుంది. దాని కోసం నాన్న షాపులో రాగి గొట్టం ఒక చివర చదును చేసి, బెజ్జం వేసి తీసుకెళ్లాను. అది బ్లాకుకి బోల్టుతో బిగుస్తుంది. రెండో చివర రబ్బరు పైపు, దాని చివర ఫ్యాక్టరీల్లో చెవులకి పెట్టుకునే మఫ్లు. 74 మిల్లీమీటర్ల బోరులో నాకింగ్ మోత ఏడెనిమిది కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. 2000 దగ్గర పట్టి ఉంచి ఫుల్ తెరిచినప్పుడు ఇంజన్ మామూలు గర్జన అడుగున సన్నగా, పదునుగా రెండు చప్పుళ్లు వినిపించాయి. బయట నిలబడినవాళ్లకి ఏమీ వినపడలేదు. ఆయన చెయ్యి పైకెత్తాడు, నేను కాలు తీశాను. అప్పుడు 20 డిగ్రీలు ఉంది. ఆ గడిలో 17 పెట్టి ముందుకు పోయాం.

ఫుల్ లోడ్‌లో ఎక్కువ సేపు పట్టి ఉంచకూడదు. ఫ్యాన్ ఎంత పెద్దదైనా 100 కిలోమీటర్ల వేగంలో వచ్చే గాలితో సమానం కాదు. నీళ్ల వేడి 95 దాటితే, మ్యానిఫోల్డ్‌లోకి వెళ్లే గాలి వేడెక్కితే, అప్పుడు చదివిన టార్క్‌ని నమ్మలేం. అందుకే మధ్యలో బండి ఊరికే తిరుగుతూ చల్లబడేది, మేం టీ తాగేవాళ్లం. తొందరపడే ఆపరేటర్ అయితే ఈ విరామం ఇవ్వడు.

ఇక ఎత్తు విషయం. ఇది సముద్రమట్టానికి దగ్గరున్న ఊళ్ల వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం తిప్పితే మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) బయటి వాతావరణ ఒత్తిడి చూపిస్తుంది. విజయవాడలో బయల్దేరినప్పుడు 100 కిలోపాస్కల్. చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కాక తగ్గడం మొదలైంది, బెంగళూరులో 91. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది మరి. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపే పంపు) లేని బండికి ఫుల్ థ్రాటిల్ అంటే బయటి ఒత్తిడే. అంటే బెంగళూరులో ఎంత తొక్కినా నా పట్టికలో 95, 100 వరసల్లోకి ఇంజన్ వెళ్లదు. ఆ గళ్లు ఎవరూ చూడకుండానే మిగిలిపోతాయి. తీరా విజయవాడ వచ్చి కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ఫుల్‌గా తొక్కితే ఇంజన్ సరిగ్గా అక్కడే ఉంటుంది. గాలి పది శాతం ఎక్కువ, పైగా మే నెలలో 44 డిగ్రీల ఎండ. నాకింగ్‌కి ఇంతకంటే అనువైన చోటు లేదు.

కాబట్టి పై రెండు వరసల్లో పెట్రోల్ అంకెలు కింది వరసల పోకడని బట్టి పొడిగించి, కొంచెం రిచ్ వైపు (పెట్రోల్ ఎక్కువ వైపు) ఉంచాం. టైమింగ్ మూడు డిగ్రీలు వెనక్కి లాగాం. లోపలికి పీల్చే గాలి 50 డిగ్రీలు దాటితే ఇంకొంచెం వెనక్కి పోయేలా దిద్దుబాటు పట్టిక వేరే ఉంది.

చివర్లో పవర్ రన్ తీశాం. చక్రాల దగ్గర కొలిచింది 68 హార్స్‌పవర్, షీటు మీద 77. ఈ తేడా ఎస్ఏఈ జే1349 అనే ప్రమాణం ప్రకారం చేసే కరెక్షన్‌ది. 99 కిలోపాస్కల్ పొడి గాలి, 25 డిగ్రీలు ఉండి ఉంటే ఎంత వచ్చేదో లెక్కగట్టి రాస్తారు. ఇంకో డైనో మీద ఇంకో అంకె వస్తుంది. ఆ షీటు డాష్‌బోర్డు సొరుగులో ఉంది.

ఇంటికొచ్చాక మామూలుగా నడుపుతూ లాగ్ (సెన్సర్ల అంకెల రికార్డు) తీసుకుంటున్నాను. 98 కిలోపాస్కల్ దగ్గర 2500 నుంచి 4500 దాకా లాంబ్డా 0.85, 0.86 వస్తోంది, అనుకున్నట్టే కాస్త రిచ్. పెట్రోల్ వరకు నిశ్చింత. వెనక్కి లాగిన మూడు డిగ్రీల్లో ఎంత తిరిగివ్వొచ్చన్నది రోడ్డు మీద తేల్చే పని కాదు, ఆ గళ్లని అలాగే వదిలేశాను. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టింగ్, యాక్సిలేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు పడాల్సిన అదనపు పెట్రోల్ నేనే ఇంటి దగ్గర కూర్చుని సరిచేస్తున్నాను, వాటికి డైనో అక్కర్లేదు.

మిగిలిన రెండు వరసల కోసం చెన్నై వెళ్లాలనుకుంటున్నాను. అది సముద్రం ఒడ్డు ఊరు, 100 కిలోపాస్కల్ దొరుకుతుంది. విజయవాడ, రాజమండ్రి, విశాఖ వైపు టర్బో లేని బండి ట్యూన్ చేయించుకునేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే అటే వెళ్లమంటాను. బుక్ చేసే ముందు ఫోన్లో మాత్రం ఇలా అడగండి: మీ డైనో 3000 దగ్గర హాఫ్ థ్రాటిల్‌లో అర నిమిషం పట్టి ఉంచుతుందా, టైమింగ్ మారుస్తుంటే టార్క్ అప్పటికప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తుందా అని. "పవర్ రన్ తీసిస్తాం సార్" అని మాత్రమే జవాబొస్తే ఇంకో చోటు వెతకండి.