ఐసీయూ అలారం ఎలా మోగాలి?

ఐసీయూలో అలారం మోగితే నర్సు వెంటనే పరుగెత్తకపోవడాన్ని నిర్లక్ష్యంగా భావించేవారు ముందుగా ఒక లెక్క చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 77 ఐసీయూ పడకలను 31 రోజుల పాటు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కో పడక దగ్గర రోజుకు సగటున 187 సార్లు అలారం వినిపించింది. నిపుణులు పరిశీలించిన గుండెలయ హెచ్చరికలలో దాదాపు 89 శాతం తప్పుడువే.

ఇన్ని శబ్దాలలో ఏది దేనికి సంబంధించినదో చెవికి తెలియాలన్న ఆలోచనతోనే, వైద్య పరికరాల అలారాలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-1-8, 2006లో గుండె, శ్వాస, ఆక్సిజన్, మందుల సరఫరా వంటి విభాగాలకు వేర్వేరు చిన్న స్వరమాలికలను ఇచ్చింది. అయితే వాటి లయ ఒక్కటే, తేడా అంతా స్వరస్థాయిలోనే ఉండటంతో, శిక్షణ పొందినవారు కూడా వాటిని తరచూ పొరబడ్డారు. ఆ స్వరాలను రూపొందించిన మత్తువైద్యుడు ఫ్రాంక్ బ్లాక్ తరువాత బహిరంగంగా క్షమాపణ చెప్పడం ఈ రంగంలో అరుదైన నిజాయితీ అని నా అభిప్రాయం.

ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన జూడీ ఎడ్వర్తీ బృందం పరిశోధన ఆధారంగా ఆ ప్రమాణానికి 2020లో చేసిన సవరణలో చేరిన శబ్దాలు వేరే దారి పట్టాయి. గుండెకు గుండె చప్పుడు, శ్వాసకు ఊపిరి శబ్దం, మందులకు మాత్రల డబ్బాను కదిపిన చప్పుడు. ముందుగా దృష్టిని మళ్లించే చిన్న సంకేతం ఒకటి వీటికి తోడుగా వస్తుంది. బట్టీపట్టవలసిన పని లేకపోవడమే వీటి బలం. అయితే ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ స్వరం కిందికి జారే పల్స్ ఆక్సీమీటర్, ఇవేవీ రాకముందే ఇంతకన్నా చక్కగా పనిచేసిందని నేననుకుంటాను. తెర వైపు చూడకుండానే మత్తువైద్యుడికి రోగి స్థితి తెలుస్తుంది.

శబ్దం ఆకృతి కూడా ముఖ్యమే. ఒక్కసారిగా మొదలై, అదే స్థాయిలో సాగి, ఒక్కసారిగా ఆగిపోయే బీప్ చెవిని గుచ్చుతుంది. గంట కొట్టినట్టు మొదలై క్రమంగా తగ్గే ధ్వనిని గుర్తించడంలో లోపం రాకుండానే చిరాకు తగ్గుతుందని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ షట్జ్ చేసిన ప్రయోగాలు సూచించాయి. పైగా మూలస్వరంతో పాటు వినిపించే పైస్వరాలు (హార్మోనిక్స్) తక్కువగా ఉన్న శబ్దం ఏ పడక నుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టం.

ఎంత మంచి శబ్దమైనా తప్పుడు హెచ్చరికను నిజం చేయలేదు కాబట్టి, అలారం పరిమితులను రోగిని బట్టి సవరించడం ఆసుపత్రి బాధ్యతగానే మిగులుతుంది. తయారీదారులు మాత్రం నిశ్శబ్దమైన గదిలో ఒక్కో శబ్దాన్నీ విడిగా వినిపించి పరీక్షించడంతో సరిపెట్టుకోకూడదు. ఒకేసారి మోగే రెండు అలారాలలో ఒకటి రెండోదానిని పూర్తిగా కప్పేయగలదు.