సర్వర్ మారిన తరువాత
2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారాక నేను, వేర్వేరువారు నడిపే ఎన్నో సర్వర్లు కలిసిన మాస్టోడాన్ అనే సామాజిక మాధ్యమంలో, కొందరు స్వచ్ఛందంగా నడిపే ఒక చిన్న సర్వర్‌లో చేరాను. ఖర్చు భరించలేక వారు నిరుడు దానిని మూసివేసినప్పుడు, నన్ను అనుసరించేవారు కొత్త ఖాతాకు వచ్చారు గాని, ఇన్నాళ్ళూ రాసుకున్న టపాలు రాలేదు. ఖాతా మార్పులో వాటిని తరలించే వీలు లేదు. ఆ బాధలో నేనూ, చాలామందిలాగే, అన్నిటికన్నా పెద్దదైన మాస్టోడాన్.సోషల్‌కే వెళ్ళాను. 2023లో అధికారిక యాప్ కొత్తవారికి ఆ సర్వర్‌నే ముందుగా చూపడం మొదలుపెట్టింది. ఏ సర్వర్‌ను ఎంచుకోవాలో తెలియక వెనుదిరిగేవారికి అది మేలే. అయితే మాస్టోడాన్ వాడే యాక్టివిటీపబ్ ప్రమాణం సర్వర్ల మధ్య సందేశాలను చేరవేయగలదే తప్ప, జనం ఒకేచోట గుమిగూడకుండా ఆపలేదు. నెలనెలా అద్దె, వేళాపాళా లేని ఫిర్యాదుల పరిశీలన చిన్న నిర్వాహకులనే ముందు అలసిపోయేలా చేస్తాయి. అందుకే ఈ నెలలో మిత్రుల చిన్న సర్వర్‌కు మారి, దాని ఖర్చులో నా వాటా చెల్లిస్తున్నాను.